దిండులోని క్యాసెట్టు: ఆదోని, ఎమ్మిగనూరు, మళ్లీ ఆదోని

ఆదోని నుంచి తిరిగొచ్చి రెండు వారాలైంది. పాప స్వెట్టరు మడతల్లో ఇంకా దూది పోగులు దొరుకుతూనే ఉన్నాయి. రెండుసార్లు ఉతికాను. పాప పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను కాబట్టి, ఎక్కడైనా మాట తెగినట్టు అనిపిస్తే అక్కడ పాప లేచిందనుకోండి.

ముందు ఎందుకు వెళ్లానో చెప్పాలి. జనం ఆదోనికి పత్తి అమ్మడానికి వెళ్తారు, బంగారం కొనడానికి వెళ్తారు. నేను ఇంగ్లండులోని ఒక హెవీ మెటల్ బ్యాండు పాటలు వెతుక్కుంటూ వెళ్లాను. ఈ మాట అత్తగారితో చెప్పే ధైర్యం లేక స్నేహితురాలి ఇంటికి వెళ్తున్నానన్నాను. అదీ నిజమే.

బ్యాండు పేరు కోల్డ్ ఫర్నేస్. చల్లారిన కొలిమి అన్నమాట. నలభై ఏళ్ల కింద ఒక ఇనుప ఫౌండ్రీలో పనిచేసే నలుగురు కుర్రాళ్లు పెట్టుకున్నారు. ఒకే ఒక్క ఆల్బం తీసుకొచ్చారు, ఎవరూ పెద్దగా కొనలేదు, విడిపోయారు. కాలేజీ హాస్టల్లో ఎవరి పెన్ డ్రైవ్‌లోంచో ఆ ఆల్బం నా దగ్గరికి చేరింది. అప్పుడు సరదాకి విన్నాను. పాప పుట్టాక అవసరం కొద్దీ వినడం మొదలుపెట్టాను. పాప ఊపిరి తీస్తోందో లేదో అని గంటకు నాలుగుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే మనిషిని నేను. నా లోపలి గోల కంటే పెద్ద గోల చెవిలో ఉంటే ఆ వేలు కాస్త ఆగుతుంది. ఆ గిటార్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ పరుగెడతాయి గాని ఎక్కడా తొట్రుపడవు. వాటి కింద డ్రమ్ము నేలలాగా ఉంటుంది.

ఆల్బంలో పాడింది రెండో గాయకుడు. మొదటి గాయకుడు అంతకు ముందే జబ్బు చేసి చనిపోయాడు. అతని గొంతుతో ఫౌండ్రీ వెనక షెడ్డులో చేసిన తొలి రికార్డింగులను కొన్ని క్యాసెట్లుగా తోటి పనివాళ్లకు పంచారట. ఒక్కటీ మిగల్లేదని అభిమానుల పేజీలో అందరూ బాధపడుతుంటారు. అక్కడే ఒకరోజు ఆ బ్యాండు డ్రమ్మరు, ఇప్పుడు పెద్దాయన, నాలుగు మాటలు రాశాడు. "ఒక క్యాసెట్టు ఫౌండ్రీలో నా పక్కన ఇసుక మోసిన గిరి తీసుకున్నాడు. ఇండియాలో ఆదోని అనే ఊరు. పత్తి, ఎండ తప్ప ఏమీ ఉండవని చెప్పేవాడు."

ఊరి పేరు మూడుసార్లు చదివాను. హాస్టల్లో నా పక్క మంచం ఉరుకుందమ్మది ఆదోని. ఆ పెద్దాయనకు ఉత్తరం రాస్తే రెండు వాక్యాల జవాబు వచ్చింది. "పాడిన నా స్నేహితుడి ముఖం గుర్తుంది, గొంతు మరిచిపోయాను. దొరికితే ఒక్కసారి వినిపించు."

ఉగ్గాని, బజ్జీ

ఉరుకుందమ్మను హాస్టల్లో ఉర్కు అనేవాళ్లం. ఇప్పుడు బడిలో లెక్కల టీచరు. స్టేషనులో నన్ను చూడగానే ముందు నా బ్యాగు చూసింది.

"ఏం మే, ఈడ కాపురం పెట్టనీకి వచ్చినావా?"

థర్మామీటరు, జ్వరం మందు, కాచి చల్లార్చిన నీళ్లు రెండు సీసాలు, ఆరు జతల బట్టలు, దోమతెర అని లెక్క చెప్పాను. వీటితోపాటు ఆన్‌లైనులో కొన్న చిన్న టేపు ప్లేయరు, రికార్డు చేసుకునే వైరు.

"పదకొండు నెలల బిడ్డకు ఇంత సామానా? మా వదినకు ముగ్గురు పిల్లోళ్లు, చేతిలో ఒక గుడ్డ పట్టుకోని పుట్టింటికి పోతాది" అంది. తిడుతూనే బ్యాగు తనే మోసింది.

బజారులో ఉగ్గాని తినిపించింది. మాది ఏలూరు వైపు. మాకు పొద్దున్నే ఇడ్లీ, లేకపోతే పెసరట్టు. ఇక్కడ బొరుగులు, అంటే మా మరమరాలు, నీళ్లలో తడిపి, గట్టిగా పిండి, పోపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన ఇంత పొడుగు మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. ప్లేటు నలభై రూపాయలు. బజ్జీ ఒక్కటి కొరికి నేను నీళ్లు వెతుక్కుంటుంటే, పక్క బల్ల మీది ముసలాయన మూడు బజ్జీలు ముగించి నాలుగోది అడిగాడు. ఉగ్గాని మాత్రం అద్భుతం. మా ఊళ్లో బొరుగులను పేరంటానికి తప్ప లెక్కచేయం. ఇన్నాళ్లూ వాటికి అన్యాయం చేశామనిపించింది.

అది పత్తి ఏరే కాలం. మార్కెట్టు యార్డుకు పోయే బండ్ల మీద నుంచి తెల్లటి పోగులు రాలి రోడ్డు అంచున, కరెంటు తీగల మీద, మేకల వీపుల మీద పడి ఉన్నాయి. ఒకటి పాప నోటి దగ్గరికి వచ్చింది. నేను ఆమె ముఖానికి పైట కప్పాను. పాప పైట తీసేసింది. బజారు దాటేవరకు ఇదే మా పని.

గిరి ఎవరని అడగడానికి ఉర్కు పెద్దగా కష్టపడలేదు. "శానా ఏండ్ల కింద ఇంగ్లండు పోయొచ్చినాయన ఎవురన్నా ఉండారాన్నా?" అని బజ్జీలు వేసే మనిషినే అడిగింది.

"లండన్ దస్తగిరా? ఆయన పోయి శానా దినాలాయ. ఆయన కతలన్నీ రేడియో ఖాజాకు తెలుసు. ఆడికి పో."

రేడియో ఖాజా బెంచీ

మార్కెట్టు వెనక సందులో ఒక చిన్న గది. బయట చెక్క బెంచీ. లోపల తెరిచిన మిక్సీలు, ఫ్యాన్లు, అరల నిండా పాత రేడియోలు. ఖాజా గారికి డెబ్బై దాటి ఉంటాయి. కళ్లద్దాలకు దారం కట్టి మెడలో వేసుకున్నారు. నేను కూర్చోబోతే బెంచీని తువ్వాలుతో తుడిచారు.

"కూసో అమ్మా. బిడ్డను ఆ గోడ పక్క కూసోబెట్టొద్దు, వైర్లు ఉండాయి" అన్నారు. అప్పటికే నేను వైర్లన్నీ లెక్కపెట్టేశాను.

లండన్ దస్తగిరి క్యాసెట్టు అనగానే ఆయన నవ్వారు. ఆ రోజుల్లో ఆయన వ్యాపారమే అదట.

"బొంబాయికి పోయినోళ్లు, గల్ఫుకు పోయినోళ్లు మాటలు క్యాసెట్టులో పట్టి పంపుతాండ్రి. సదువు రానోళ్లకు జాబు కంటే అదే మేలు గదా. ఇండ్లల్లో టేప్‌రికార్డరు యాడిది? ఈడికే వస్తాండ్రి. హొళగుంద నుంచి కన్నడమోళ్లు గూడా వస్తాండ్రి. ఒకపారి వినిపిస్తే అర్ధరూపాయి. ఈ బెంచీ మీదనే కూసోని వింటాండ్రి."

"అందరి ముందేనా? ఇంటి విషయాలు కూడా?"

"నేను చెవులు మూసుకుంటే బటన్ ఎవురు నొక్కేది?" అన్నారు. "దారిన పోయేటోళ్లు గూడా నిలబడి వింటాండ్రి. ఎవురికి కోడలు మంచిదో ఎవురికి కాదో బజారుకంతా తెలుసు. అందుకే మగోళ్లు బాగా మాట్లాడరు. బాగుండావా, అమ్మ బాగుందా, వాన పడిందా. అంతే. పెండ్లాము ముఖం కిందికేసుకోని వింటాది."

దస్తగిరిది దూదేకుల ఇల్లు. తాతల నుంచి విల్లుతో పత్తి ఏకి పరుపులు కుట్టేవాళ్లు. ఆయన ఎలాగో బొంబాయి చేరి, అక్కడి నుంచి ఓడల పనిలో ఇంగ్లండు చేరాడు. ఫౌండ్రీ మూతపడ్డాక వెనక్కి వచ్చి మళ్లీ విల్లు పట్టాడు. అక్కడున్నప్పుడు పంపింది ఒక్కటే క్యాసెట్టు.

"బాగా గుర్తుండాది. అర నిమిషం మాట్లాడినాడు. ఆమైన ఒకటే గలాటా. పత్తి జిన్నింగు మిల్లులో రాయి పడినట్టు. టేపు చెడిపోయిందనుకుంటి, రికార్డరు హెడ్డు పోతాదని టక్కుమని ఆపేస్తి. హుసేనమ్మ అంటే ఆయన పెండ్లాము, పదిహైదుసార్లన్నా వచ్చింటాది వినేకి. ప్రతిసారీ గలాటా రాంగానే ఆపుతాంటి."

"ఖాజా గారూ, నేను ఆ గలాటా కోసమే వచ్చాను."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని నన్ను చూశారు. తరువాత ఉర్కును చూశారు.

"కాలేజీ నుంచి ఇంతేన్నా ఈమె" అంది ఉర్కు.

హుసేనమ్మ ఇప్పుడు ఎమ్మిగనూరులో కూతురు దగ్గర ఉంటోందని, పరుపుల దుకాణం అడిగితే ఎవరైనా చూపిస్తారని చెప్పారు. క్యాసెట్టు ఉందో లేదో ఆయనకు తెలియదు.

బస్సులో

మర్నాడు ఉర్కుకు బడి ఉంది. పాపతో నేనొక్కదాన్నే ఎమ్మిగనూరు బస్సెక్కాను. పక్కన పెద్దకడుబూరు మనిషి. చెల్లెలి ఊరికి పోతోందట, ఒళ్లో వేరుశనక్కాయల మూట. పాపను చూసి ఒక కాయ ఒలిచి గింజ నోటి దాకా తెచ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నంత పని చేశాను.

"గొంతుకు అడ్డం పడుతుందండీ."

"దానికి పండ్లెన్ని?"

"రెండు."

"నీకు?"

నేను పాపను ఇంకో తొడ మీదికి మార్చుకున్నాను.

"నీకు అన్నీ ఉండాయి గదా. నమిలి పెట్టు."

పాప ఆ చేతి వైపే చూస్తోంది. డాక్టరు వద్దన్నాడని, ఇంకా ఏడాది నిండలేదని ఏదో చెప్పబోయి, చివరికి నమిలాను. వేలి కొసన ఇంత పెట్టాను. పాప చప్పరించి ఇంకా కావాలంది. ఆ తరువాత గంట సేపు పాప బుగ్గల మీద దద్దుర్లు వస్తాయేమోనని చూస్తూ కూర్చున్నాను. బయట రెండు వైపులా పత్తిచేలు, వంగి ఏరుతున్న ఆడవాళ్లు, నల్లరేగడి. ఏదీ సరిగ్గా చూడలేదు. దద్దుర్లు రాలేదు.

పరుపుల దుకాణం

ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. సందుల్లో నడుస్తుంటే ఇళ్లలోంచి మగ్గం చప్పుడు ఒక లెక్కలో వినిపిస్తుంది. ఒక ఇంటి లయ ఇంకో ఇంటిది కాదు, అయినా వీధి చివరికి వచ్చేసరికి కలిసిపోయినట్టే ఉంటుంది. కోల్డ్ ఫర్నేస్ వినే చెవికి ఇది చాలా నచ్చింది.

దుకాణం ముందు చారల పరుపులు చుట్టలుగా నిలబెట్టి ఉన్నాయి. ఇప్పుడు దూది ఏకేది మిషనే. దస్తగిరి విల్లు మాత్రం గోడకు వేలాడుతోంది, మనిషంత పొడవుంది. కూతురు మాబున్ని గిరాకీ చూసుకుంటోంది. హుసేనమ్మ లోపల గదిలో దిండ్లకు మూతులు కుడుతోంది. సన్నటి మనిషి. నేనెవరో చెప్పేలోపే నా చేతిలోంచి పాపను తీసుకుంది.

"నిద్ర మొగం పెట్టుకోని ఉంటే ఎత్తుకోని తిప్పుతాండావే" అని, తన మంచం మీద తన దిండు వేసి పడుకోబెట్టి, ఛాతీ మీద మెత్తగా రెండుసార్లు తట్టింది. మా ఇంట్లో నలభై నిమిషాలు పట్టే పని. పాప రెండు నిమిషాల్లో నిద్రపోయింది.

జొన్నరొట్టె, శనక్కాయల పచ్చడి, గడ్డపెరుగు పెట్టారు. మా వైపు రొట్టె అంటే జ్వరం వచ్చినవాళ్లకు బజారు నుంచి తెచ్చే బ్రెడ్డే. ఇక్కడి రొట్టె చేతిలో పట్టుకుంటే వేడికి వేళ్లు మార్చుకోవాలి, విరిస్తే చప్పుడవుతుంది. రెండు తిన్నాను. మూడోది హుసేనమ్మ అడగకుండానే వేసింది.

అప్పుడు క్యాసెట్టు గురించి అడిగాను. ఆమె కుడుతున్న దిండు పక్కన పెట్టింది.

"ఉండాది."

"ఎక్కడ?"

"నీ బిడ్డ తల కింద."

నాకు అర్థం కాలేదు. మాబున్ని నవ్వుతూ చెప్పింది. "మా నాయన పోయినాక అమ్మ దాన్ని దిండులో పెట్టి కుట్టేసింది. ఏడేడో పెడితే పోతాదని."

"పెట్టెలో పెడితే ఎలుకలు. అల్మారాలో పెడితే మనమండ్లు" అంది హుసేనమ్మ. "దూదిలో పెడితే గుడ్డు గూడా పగలదు."

"మళ్లీ ఎప్పుడూ వినలేదా?"

"ఆయన ఊరికొచ్చినాక వినేది ఏముండె, మనిషే ఇంట్లో ఉండె గదా. పోయినాక ఒకపారి విందామనుకుంటి. తెగిపోతే? ఉండే గొంతు అదొక్కటే. ఉండాదిలే అనుకోని తల కింద పెట్టుకున్నా."

పాప లేవాలి. దిండు విప్పాలంటే పాప లేవాలి. పుట్టిన దగ్గర్నుంచి పాప నిద్రపోవాలని మొక్కని దేవుడు లేడు. ఆ మధ్యాహ్నం మాత్రం మంచం పక్కన కూర్చుని లేస్తే బాగుండునని చూశాను. వెంటనే సిగ్గేసి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. హుసేనమ్మ గమనించింది.

"మాబున్ని చిన్నప్పుడు నేనూ అంతే. బతికే ఉంటాదిలే, బయపడొద్దు."

పాప పడుకున్న ఆ గంటన్నరలో డ్రమ్మరు సంగతి చెప్పాను. ఆయన స్నేహితుడు పోయాడని, ఆ గొంతు కూడా ఆ క్యాసెట్టులో తప్ప ఇంకెక్కడా లేదని. ఆమె ఎన్నాళ్లయింది ఆ పిల్లోడు పోయి అని అడిగింది. నలభై ఏళ్లు కావస్తోందన్నాను.

"ఆయన గూడా మరిచిపోతాండాడా గొంతు" అంది. "నాకు ఈ మధ్య హుసేనీ అని పిలిచేది ఒక్కటే వినబడుతాంది. మిగిలింది పోయింది."

పాప లేచింది. హుసేనమ్మ బ్లేడుతో దిండు మూతి విప్పి, మోచేతి దాకా లోపలికి పోనిచ్చి గుడ్డమూట తీసింది. గుడ్డ విప్పితే క్యాసెట్టు. దాని రెండు కన్నాల్లోంచి, కింది సందులోంచి దూది బయటికి వచ్చి ఉంది. ఇన్నేళ్ల ఒత్తిడికి పోగు పోగుగా లోపలికి దిగిపోయింది. తేమ తగలకూడదని, విరగకూడదని, తనకు తెలిసిన అన్నిటికంటే మెత్తని చోట దాచింది. టేపుకు అంతకంటే చెడ్డ చోటు ఉండదు. నా ముఖం చూసి ఆమెకు అర్థమైంది.

"చెడిపోయిందా?"

తెలియదన్నాను. ఆత్రంగా బ్యాగులోంచి నా ప్లేయరు తీశాను. ఆమె క్యాసెట్టును ఒళ్లోకి లాక్కుంది.

"ఖాజా చెయ్యి తప్ప దీని మీద ఇంగొకరి చెయ్యి పడగూడదు. ఆయన గూడా తెగిపోతాది అంటే వద్దు. మళ్లీ కుట్టేస్తా. నీ దొరకు అదే సెప్పు."

మర్నాడు తనే ఆదోనికి వస్తానంది.

మళ్లీ ఆదోని

పొద్దున మొదటి బస్సుకు హుసేనమ్మ వచ్చింది, ఉర్కు ఆ రోజూ బడికే పోయింది. క్యాసెట్టు కొంగున ముడివేసుకుని, ఆ ముడిని రెండు చేతులతో పట్టుకుని. ఖాజా గారి బెంచీ మీద కూర్చుంటూ దాన్ని అరచేత్తో తట్టింది.

"బెంచీ మారలే."

"మనిషి మారినాడు. ఇప్పుడు వినిపిస్తే యాభై రూపాయలు" అన్నారు ఖాజా గారు. క్యాసెట్టు చేతిలోకి తీసుకుని పైకెత్తి చూశారు. "దూదేకులోళ్ల ఇంట్లో గడియారం తెరిచినా దూదే. దీంట్లో ఏం పరుపు కుడితివమ్మా?"

హుసేనమ్మ నవ్వలేదు. "తెగిపోతాదా?"

"సూస్తా గదా."

ముందు నా ప్లేయరులో ఏదో పాత భజన క్యాసెట్టు వేసి చూశారు. అర నిమిషంలో అది టేపును లోపలికి లాగి నమిలేసింది. ఆయన నమిలిన ముక్కను వేలికి చుట్టి నాకు చూపించి పక్కన పెట్టారు. నిన్న హుసేనమ్మ ఒళ్లోకి లాక్కోకపోతే ఏమయ్యేదో తలుచుకుని నేను పాపను గట్టిగా పట్టుకున్నాను.

తరువాతి గంటన్నర పనిని నేను ఇంకా తలుచుకుంటూనే ఉన్నాను. ఆయన తెల్లగుడ్డ పరిచారు. ఫ్యాను కట్టేశారు. క్యాసెట్టుకు మూలల్లో నాలుగు, మధ్యలో ఒకటి, అయిదు స్క్రూలు. పైమూత ఎత్తి, కనుబొమలు దిద్దుకునే చిన్న పట్టకారుతో ఒక్కొక్క పోగూ తీశారు. టేపు చుట్టల అంచుల మీద మెత్తటి బ్రష్షు ఆడించారు. టేపును హెడ్డుకు ఆనించే చిన్న మెత్త ఎప్పుడో ఊడిపోయింది. ఇంకో క్యాసెట్టు విప్పి, దాని డొప్పలోకి ఈ చుట్టలు రెండూ మార్చారు. ఒకచోట టేపు మడత పడి ఉంటే గోరుతో కాకుండా వేలి మెత్తతో నిమిరారు. డెబ్బై దాటిన చెయ్యి. పట్టకారు కొసను ఒక్కసారి కూడా టేపుకు తగలనివ్వలేదు.

పాత పెద్ద టేప్‌రికార్డరులో వేశారు. నా వైరు తగిలించి ఫోనులో రికార్డు పెట్టాను. ఆయన బిస్మిల్లా అని బటన్ నొక్కారు.

కాసేపు బుస్సుమని చప్పుడు. తరువాత ఒక మగ గొంతు, కొంచెం దూరం నుంచి.

"హుసేనీ. బాగుండావా? అమ్మకు సలాం సెప్పు. ఈడ చలి శానా ఉండాది. మాబున్నికి పండ్లు వచ్చినాయా? వానలు పడినాయా?"

హుసేనమ్మ తల దించుకుంది. అప్పటి బెంచీ మీద ఎలా దించుకునేదో అలాగే అయ్యుంటుంది.

"ఇది నాతో పనిచేసే పిల్లోళ్ల క్యాసెట్టు. వాళ్ల పాటలు ఉండాయి దీంట్లో, చెరపగూడదు. అందుకే ఇంతే మాట్లాడతాండా. వింటా ఉండు."

టక్కుమని చప్పుడు, ఆ వెంటనే గిటార్లు విరుచుకుపడ్డాయి. ఖాజా గారి వేలు అలవాటుగా బటన్ మీదికి పోయింది. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. పెద్దాయన చెయ్యి అలా పట్టుకోవచ్చా అని తరువాత అనుకున్నాను.

మూడు పాటలు. మొదటి దాని ఆరంభం దస్తగిరి మాటల కింద పోయింది. మిగిలినదంతా ఉంది. ఆల్బంలో నాకు ప్రతి మలుపూ తెలిసిన పాటలే, కానీ ఇక్కడ వయసులో ఉన్నాయి. గిటారు ఒకచోట తప్పటడుగు వేసి ఆ తప్పునే ఇంకా వేగంగా మార్చుకుని ముందుకు పోయింది. ఆ మొదటి గాయకుడు అరవడు. ఆల్బంలో రెండో ఆయన అరిచిన చోట ఇతను గొంతు తగ్గిస్తాడు, దగ్గరికొచ్చి చెప్పినట్టు. అంత గోల మధ్యలో ఆ తగ్గిన గొంతే ముందు వినబడుతుంది. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. పాప నా ఒళ్లో కూర్చుని కిందికీ పైకీ ఊగింది.

"మా ఆయన విల్లు కొట్టినట్టే ఉండాది" అంది హుసేనమ్మ, లావు తీగల గిటారు మోగిన చోట. "ఇన్నాళ్లూ చెడిపోయిందని చెప్తివి గదప్పా."

"నాకేం తెలుసు? మనిషి పాడినట్టుందా అది?" అన్నారు ఖాజా గారు. కానీ మూడో పాటకు ఆయన పాదం కూడా నేల మీద ఆడుతోంది.

పాట ముగిసింది. మళ్లీ బుస్సుమనే చప్పుడు. అయిపోయిందనుకుని నేను ఫోను అందుకోబోయాను.

"అయిపోయిందా?" అంది దస్తగిరి గొంతు.

ముగ్గురం ఉలిక్కిపడ్డాం.

"హుసేనీ, ఇంత గలాటాకు బెంచీ మీద ఎవురూ ఉండరు. ఖాజా గూడా లేసి బయటికి పోయింటాడు. ఇప్పుడు నువ్వొక్కదానివే వింటాంటావు గదా. అందుకే ఈడ సెప్తాండా."

ఖాజా గారు కుర్చీలోంచి లేచారు. చెప్పులు వేసుకుని బయటికి నడిచారు. నేను వైరు పీకేసి, పాపను ఎత్తుకుని ఆయన వెనకే వెళ్లి తలుపు దగ్గరగా వేశాను.

ఎదురుగా టీ అంగడి. ఆయన రెండు టీలు చెప్పారు, తాగలేదు.

"పదిహైదుసార్లు ఆపినా నేను" అన్నారు. ఇంకాసేపటికి మళ్లీ, "పదిహైదుసార్లు."

పాప ఆయన కళ్లద్దాల దారం పట్టుకుంది. ఆయన వదిలించుకోలేదు.

తలుపు తెరుచుకునేసరికి టీ మీద మీగడ కట్టింది. హుసేనమ్మ క్యాసెట్టును కొంగున ముడివేసుకుంటూ వచ్చి, ఖాజా గారి ముందు నిలబడింది. ముఖం తుడుచుకుని ఉంది.

"ఊరికొచ్చిన దినమే అడిగినాడు, కడదాకా విన్నావా అని. విన్నా అంటి. మరి ఏం సెప్పవే అనె. ఏం సెప్పేది, బాగుండాది అంటి." ఆమె నవ్వింది. "ఆ మాటకు మొగం మాడ్చుకోని రెండు దినాలు అన్నం సరిగా తినలే. ఎందుకో నాకు తెలియకపాయ."

"నాదే తప్పు, చెల్లె" అన్నారు ఖాజా గారు.

"నీదేముండాది. నువ్వు ఆపినావు, నేను లేసినా." పాప వైపు చూసింది. "ఎండ ఎక్కుతాంది. ఇంగ పోదాం పాండి, బిడ్డకు ఆకలైతాంటుంది."

ఖాజా గారు యాభై రూపాయలూ తీసుకోలేదు, అర్ధరూపాయీ తీసుకోలేదు. నా ప్లేయరును మాత్రం బాగుచేస్తానని ఉంచుకున్నారు. అది తయారయ్యాక ఎమ్మిగనూరులో హుసేనమ్మకు పంపమన్నాను.

ఇంటికొచ్చాక

మూడు పాటలూ ఆ పెద్దాయనకు పంపాను. దస్తగిరి మొదటి మాటలు కత్తిరించాను. చివర మాత్రం సరిగ్గా చూసుకోలేదు. వైరు పీకేముందు పడిన వాటిని తీసేశాననే అనుకున్నాను, కానీ "అయిపోయిందా" అన్న ఒక్క మాట ఉండిపోయింది.

నాలుగు రోజులు జవాబు లేదు. అయిదో రోజు వచ్చింది. పాటల గురించి తక్కువే రాశాడు. స్నేహితుడి గొంతు తను అనుకున్నదానికంటే మెత్తగా ఉందని, మూడో పాటలో తను చేసిన తప్పుకు ఇప్పటికీ సిగ్గేస్తోందని. ఆ తరువాత ఇలా రాశాడు. "చివరి ఆ ఒక్క మాట గిరిది. అది విన్నాకే గుర్తొచ్చింది. పాటలు పట్టడం ముగిశాక భార్యకు ఒక మాట చెప్పాలి, మిషను కాసేపు కావాలన్నాడు. మా నలుగురినీ షెడ్డు బయటికి పొమ్మన్నాడు. నీ భాష మాకెలాగూ రాదు కదా అంటే కూడా ఒప్పుకోలేదు. బయట వాన. పాడిన మావాడు తడుస్తూ అరగంట తిట్టాడు. అంత ముఖ్యమైన మాట ఏమిటో మాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆమె విన్నదా?"

విన్నదని రాశాను. ఎప్పుడు విన్నదో రాయలేదు.